వీధిలో కాల్పులు మొదలైతే ఇల్లు నడుపుకోవడం ఎలా

మా తిరుపతి కొర్లగుంటలో ఎవరికి వీసా వచ్చినా, ఆ దేశం పేరు కాస్త భయపెట్టేదైతే, చివరికి నా దగ్గరికే పంపిస్తారు. “అక్కా, మావాడికి ఇరాక్‌లో పని కుదిరింది, పంపించొచ్చా?” “వదినా, మా చెల్లెలు నర్సు, లిబియా నుంచి పిలుపొచ్చింది, ఏమంటావు?” వెళ్ళాలా వద్దా అనేది నేను చెప్పను. వాళ్ళింట్లో అప్పు ఎంతుందో, ఆడపిల్ల పెళ్ళి ఎప్పుడో నాకేం తెలుసు. వెళ్ళేవాళ్ళు ఏం తెలుసుకుని వెళ్ళాలో మాత్రం చెబుతాను. అందరికీ విడివిడిగా చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుడుతోంది, అందుకే ఒక్కచోట రాసి పెడుతున్నా.

2023 ఏప్రిల్ 15న సూడాన్‌లో సైన్యానికీ, ఆర్‌ఎస్‌ఎఫ్ అనే సాయుధ దళానికీ మధ్య యుద్ధం మొదలైనప్పుడు మేం ముగ్గురం బహ్రీలో ఉన్నాం. నేను, మా ఆయన, మా అబ్బోడు. మనం ఖార్టూమ్ అంటున్నది నిజానికి నైలు నది ఒడ్డున పక్కపక్కన ఉన్న మూడు ఊళ్ళు: ఖార్టూమ్, ఓమ్‌దుర్మాన్, బహ్రీ. ఫ్యాక్టరీలు ఎక్కువగా బహ్రీలోనే. మా ఆయన ఒక ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. అక్కడ సైన్యాధిపతి బుర్హాన్, ఆర్‌ఎస్‌ఎఫ్ నాయకుడు హెమెద్తీ. 2021లో కలిసి ప్రభుత్వాన్ని కూలదోసిన వీళ్ళిద్దరే తర్వాత ఒకరి మీదొకరు తుపాకులు ఎత్తారు. రాజకీయం అంతకుమించి నేను చెప్పను. టీవీలో ట్యాంకులు చూపిస్తారు. ఇంట్లో ఉన్న ఆడమనిషికి ఆ రోజు కనబడేది నీళ్ళ డ్రమ్ము అడుగు.

బయలుదేరకముందే

పాస్‌పోర్ట్ మీ చేతిలో ఉండాలి. నేను గొంతు పెంచి చెప్పే మాట ఇదొక్కటే. చాలా కంపెనీలు చేరిన రోజే దాన్ని తీసుకుని ఆఫీసు బీరువాలో పెట్టేస్తాయి. అడిగితే “భద్రంగా ఉందిలే” అంటారు. కాల్పులు మొదలయ్యాక ఆ బీరువా ఉన్న వీధిలోకి ఎవరు పోగలరు? మా ఆయన పనిచేసిన చోటా అదే పద్ధతి. అకామా, అంటే అక్కడ ఉండే పర్మిట్, రెన్యువల్ అయిన వెంటనే రోజూ ఆఫీసు గుమ్మం ముందు నిలబడి తెచ్చుకున్నాడు. సూపర్‌వైజరు ముఖం మాడ్చుకున్నాడు. మాడ్చుకుంటే మాడ్చుకోనీ.

పాస్‌పోర్ట్ లేకుండా చిక్కుకుపోతే ఎంబసీవాళ్ళు ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తారు. అది ఒక్కసారి ఇండియాకి తిరిగి రావడానికే పనికొస్తుంది. పాత పాస్‌పోర్ట్ జిరాక్సు, పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు చేతిలో ఉంటే ఆ పని తొందరగా తెములుతుంది. కాబట్టి పాస్‌పోర్ట్, వీసా పేజీ, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, మార్కుల జాబితాలు, టీకా కార్డు అన్నీ ఫోటో తీసి తిరుపతిలో ఒకరి ఫోన్లో పెట్టండి. మన ఫోన్లో ఉంటే చాలదు. ఆ ఫోన్ ఎవడైనా లాక్కోవచ్చు.

పదో తరగతి పాస్ కానివాళ్ళ పాస్‌పోర్ట్ మీద సాధారణంగా ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) అని ఉంటుంది. సూడాన్, దక్షిణ సూడాన్, లిబియా, ఇరాక్, సిరియా లాంటి 18 దేశాలకు పనికి వెళ్ళాలంటే వాళ్ళకు ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ పోర్టల్ ద్వారా అనుమతి కావాలి. కొందరు ఏజెంట్లు ఆ గొడవంతా ఎందుకని విజిట్ వీసా మీద ఎక్కించేస్తారు. అలా పోతే మీరు అక్కడ పనిచేస్తున్నట్టు సర్కారు లెక్కల్లో ఎక్కడా ఉండదు. అనుమతితో వెళ్తే ప్రవాసీ భారతీయ బీమా కూడా వస్తుంది. ప్రమాదంలో ప్రాణం పోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షల రూపాయల బీమా అది. ప్రీమియం రెండేళ్ళకు 275, మూడేళ్ళకు 375 రూపాయలు, పన్ను వేరు. ఇక యెమెన్‌కి పంపిస్తామనే ఏజెంటు దగ్గర కాఫీ కూడా తాగకుండా లేచి వచ్చేయండి. 2017లోనే భారత ప్రభుత్వం అక్కడికి ప్రయాణాన్ని నిషేధించింది.

ఎల్లో ఫీవర్ టీకా సంగతి ఎవరూ చెప్పరు. సూడాన్ నుంచి అంతమంది ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని వచ్చి విమానం దిగితే, ఆ పసుపు రంగు కార్డు లేనివాళ్ళను నేరుగా క్వారంటైన్‌కి పంపించారు. ఆఫ్రికాలో చాలా దేశాలకు ఇది వర్తిస్తుంది. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. కార్డును పాస్‌పోర్ట్‌కి రబ్బరు బ్యాండు వేసి ఉంచండి.

అక్కడ దిగిన వారంలో ఎంబసీలో పేరు నమోదు చేయించుకోండి. అడ్రసు రాసేటప్పుడు దగ్గర్లోని మసీదు, ఫ్యాక్టరీ, స్కూలు ఏదో ఒకటి గుర్తుగా రాయండి. మనల్ని తీసుకెళ్ళడానికి వచ్చే బస్సు డ్రైవరుకు ఇంటి నంబరు కంటే అదే ఉపయోగం.

నీళ్ళు

మొదటి పేలుడు వినబడగానే కిటికీ దగ్గరికి పోకండి, కొళాయి దగ్గరికి పోండి. బహ్రీ నీళ్ళ ప్లాంటు యుద్ధం మొదలైన రోజే ఆగిపోయింది. నైలు అంత దగ్గర్లో పారుతున్నా కొళాయి తిప్పితే బుస్సుమని గాలి వచ్చింది. పైపుల్లో మిగిలిన నీళ్ళు ఎంతోసేపు రావు. ఆ కాస్తసేపట్లో బకెట్లు, బిందెలు సరే, ప్రెషర్ కుక్కరు, టిఫిన్ క్యారియర్ గిన్నెలు, వాషింగ్ మెషీన్ డ్రమ్ము, ఇంట్లో ఉన్న ఖాళీ సీసాలు అన్నీ పట్టేయండి. మిద్దె మీద ట్యాంకు నిండుగా ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు. ఒక్క తూటా తగిలితే చాలు, నీళ్ళన్నీ వీధి పాలు. అందిన మేరకు కిందికి దించుకోండి.

తర్వాత నీళ్ళను మూడు రకాలుగా విడగొట్టండి: తాగేవి, వంటవి, వాడుకవి. తాగే నీళ్ళ బిందె మీద పెద్దవాళ్ళలో ఒక్కరికే పెత్తనం ఉండాలి. మా ఇంట్లో అది నాది. ఏప్రిల్‌లో ఖార్టూమ్ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, మన రేణిగుంట ఎండ అలవాటైన ఒళ్ళు కూడా తట్టుకోలేదు. తాగడానికే మనిషికి రోజుకు 3 లీటర్లు లెక్క వేసుకోండి, అందులో కోత పెట్టొద్దు. కోత పెట్టాల్సింది వాడుకలో. బియ్యం కడిగిన నీళ్ళతో కూరగాయలు కడగాలి, అవే నీళ్ళతో గిన్నెలు మొదటిసారి తొలచాలి, ఆఖరికి అవే బాత్రూములో పోయాలి. పళ్ళాలకు పాలిథిన్ కవరు తొడిగి అందులో తింటే కడిగే పనే లేదు. గిన్నెలకు మసి అంటితే బూడిద, ఇసుక.

నిల్వ అయిపోయాక నది నీళ్ళే గతి. అక్కడ గాడిద బండి మీద పీపా కట్టుకుని నీళ్ళమ్మేవాళ్ళు మామూలు రోజుల్లో కూడా ఉంటారు. కాల్పులు కాస్త సద్దుమణిగితే వాళ్ళు తిరిగేవాళ్ళు. ఆ నీళ్ళు శుభ్రం చేసుకునే పద్ధతి కాస్త వివరంగా చెబుతా, ఎందుకంటే తూటాకు దొరకనివాళ్ళు వాంతులు, విరేచనాలకు దొరికిపోతారు.

ముందు పాత నూలు చీర నాలుగు మడతలు పెట్టి వడకట్టాలి. కొత్త చీర పనికిరాదు. ఉతికి ఉతికి మెత్తబడిన నేత దగ్గరగా ముడుచుకుని చెత్తను బాగా ఆపుతుంది. అప్పటికీ మడ్డి ఉంటే మునగ గింజలు. మన చిత్తూరు వైపు మునగచెట్టు లేని పెరడు ఉండదు, అయినా ఈ ఉపాయం నాకు నేర్పింది కింది ఇంటి హాజ్జా. వయసైన ఆడవాళ్ళను అక్కడ హాజ్జా అని పిలుస్తారు. ఎండిన గింజ పైపొట్టు తీసి, లోపలి తెల్లపప్పు రోట్లో మెత్తగా దంచాలి. లీటరుకు ఒక గింజ లెక్క. ఆ పొడిని అరగ్లాసు నీళ్ళలో కలిపి, గుడ్డలో వడకట్టి, ఆ తెల్లనీళ్ళు బిందెలో పోయాలి. ఒక నిమిషం గబగబా తిప్పి, తర్వాత పది నిమిషాలు నిదానంగా తిప్పి, గంటసేపు కదపకుండా వదిలేయాలి. మడ్డి ముద్దలు ముద్దలుగా అడుగుకు దిగుతుంది. పైనీళ్ళు మెల్లగా వంచుకోవాలి.

తేటగా కనబడినంత మాత్రాన తాగేయకూడదు, క్రిములు అందులోనే ఉంటాయి. పొయ్యికి దారి ఉంటే మరగబెట్టండి. లేకపోతే రంగులేని ప్లాస్టిక్ సీసాల్లో నింపి, మూత బిగించి, ఆరు గంటలపాటు మంచి ఎండలో పడుకోబెట్టండి. మబ్బుగా ఉంటే రెండు రోజులు. ఇంకో దారి బ్లీచ్: వాసన కలపని మామూలు 5 శాతం ద్రావణం అయితే లీటరుకు 2 చుక్కలు వేసి అరగంట ఆగాలి. కొంచెం వాసన వస్తుంది, తాగొచ్చు. బ్లీచ్ సీసా, దానికో చుక్కల గొట్టం సామాన్లతో పాటే పట్టుకెళ్ళండి.

పిల్లలకు విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ ప్యాకెట్ కోసం వీధిలోకి పరిగెత్తొద్దు. లీటరు శుభ్రమైన నీళ్ళకు 6 టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, అన్నీ తలకొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం, చేత్తో ఉజ్జాయింపుగా వేయొద్దు.

పొయ్యి

కరెంటు పోగానే ముందు ఫ్రిజ్‌లోవి వండేయండి, తర్వాత ఫ్రీజర్‌లోవి, ఆఖరికి బియ్యం పప్పు జోలికి పోండి. చాలామంది భయంలో బియ్యం మూట ముందు విప్పుతారు, కూరగాయలు కుళ్ళిపోతాయి.

గ్యాస్ అయిపోయాక బొగ్గుల కుంపటే. అక్కడ ప్రతి ఇంట్లో ఉంటుంది, మీరూ ఒకటి కొని పెట్టుకోండి. కుంపటిని మూసిన గదిలో మాత్రం పెట్టొద్దు. బొగ్గు పొగలో కనబడని విషవాయువు ఉంటుంది, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. వరండాలోనో మెట్ల కిందో వండుకుని లోపలికి తెచ్చుకోండి. అన్నం పొంగు వచ్చాక దించి, గిన్నెను దుప్పట్లో గట్టిగా చుట్టి పెడితే ఆ వేడికే ఉడికిపోతుంది. సగం బొగ్గు మిగులుతుంది.

వండకుండా తినేవి ఇంట్లో ఎప్పుడూ ఉండాలి. నాకు శెనక్కాయలు కాపాడాయి. సూడాన్‌లో అవి కొల్లలుగా పండుతాయి. వేయించి డబ్బాలో పోసి పెట్టుకుంటే రెండు గుప్పెళ్ళు, ఇంత బెల్లం ముక్కతో పూట గడుస్తుంది. జొన్నపిండితో వాళ్ళు అసీదా అని చేస్తారు, అచ్చం మన సంగటే. పక్కన మాంసం పులుసు బదులు నేను ఊరిబిండి పెట్టేదాన్ని. హాజ్జా మనవలు కళ్ళనీళ్ళు పెట్టుకుంటూనే మళ్ళీ మళ్ళీ అడిగి తినేవాళ్ళు.

రొట్టె కోసం బేకరీ దగ్గర పెద్ద క్యూ ఉంటుంది. అక్కడికి ఎవరు పోవాలో ముందే అనుకోండి. వయసు మగపిల్లలను రెండు పక్షాలవాళ్ళూ అనుమానంగా చూస్తారు. తెల్లవారుజామున నమాజు అయ్యాక కాస్త నిమ్మళంగా ఉండేది, అప్పుడు పోయి రావాలి. క్యూలో ఎవరు గెలుస్తారు, ఎవరు మంచివాళ్ళు అనే మాట వస్తే అరబిక్ రానట్టు నిలబడండి.

ఏ గదిలో ఉండాలి

వీధికీ మీకూ మధ్య కనీసం రెండు గోడలు ఉండాలి. ఒక గోడ తూటాను, రెండోది పెచ్చులను ఆపుతుందని లెక్క. మాకు బాత్రూముకూ పడగ్గదికీ మధ్య ఉన్న ఇరుకు నడవ దొరికింది. కిటికీ లేదు, గాలి రాదు, ఉక్క. అయినా పరుపులు అక్కడే. కిటికీ అద్దాలకు అడ్డంగా, ఐమూలగా టేపు అంటించి, ముందు బీరువా జరపండి. చెప్పులు తలగడ పక్కనే పెట్టుకుని పడుకోండి. రాత్రి అద్దం పగిలితే చీకట్లో వట్టికాళ్ళతో నడవాల్సి వస్తుంది. మిద్దె ఎక్కి చూడాలని మగవాళ్ళకు కాళ్ళు పీకుతాయి, ఎక్కనివ్వొద్దు. పైకి పేల్చిన తూటా ఎక్కడో ఒకచోట కిందికి దిగాల్సిందే.

పిల్లల మిలిటరీ డిజైన్ ప్యాంట్లు, బొమ్మ తుపాకులు ఇంట్లో ఉంచొద్దు. తనిఖీకి వచ్చినవాడు చీకట్లో అది బొమ్మో కాదో చూస్తూ నిలబడడు. ఫోన్లో వీడియోలు తీయొద్దు. తీసి ఉంటే తుడిచేయండి, డిలీట్ చేసినవి ఉండే ఫోల్డరులో కూడా. ఒకడి చెక్‌పోస్టు దాటితే ఇంకొకడి చెక్‌పోస్టు, ఇద్దరూ ఫోన్ అడుగుతారు. జనరేటరు ఉంటే రాత్రిపూట వేయకండి. ఆ చప్పుడు వింటే ఈ ఇంట్లో మనుషులూ సామానూ ఉన్నాయని దొంగలకు తెలిసిపోతుంది.

పిల్లలకు ఏదో ఒక పని అప్పజెప్పండి. ఉట్టి చేతులతో కూర్చుంటే ప్రతి శబ్దానికీ ఉలిక్కిపడతారు. మా అబ్బోడికి సీసాల లెక్క, టార్చిలైట్ల బాధ్యత ఇచ్చాం. పలకలా గోడ మీద సుద్దతో రాసుకునేవాడు. నేను ఒక సీసా అదనంగా తీస్తే “అమ్మా, లెక్క తప్పింది” అని పట్టుకునేవాడు.

ఇరుగుపొరుగు

ఎంబసీ నంబరు దొరకని రోజులుంటాయి. ఇంటర్నెట్ లేని రోజులుంటాయి. కింది అంతస్తు మాత్రం ఎప్పుడూ ఉంటుంది. అందుకే ఊళ్ళో దిగిన మొదటి నెలలోనే చుట్టుపక్కలవాళ్ళతో మాట కలపండి. మనవాళ్ళు మనవాళ్ళతోనే తిరిగే అలవాటు అక్కడ పనికిరాదు. మోయా అంటే నీళ్ళు, కహ్రబా అంటే కరెంటు, ఎష్ అంటే రొట్టె. ఈపాటి మాటలతో మొదలుపెట్టండి చాలు. రంజాన్ నెలలోనే యుద్ధం మొదలైంది కాబట్టి పగటిపూట వాళ్ళ ముందు తినకుండా, నీళ్ళు తాగకుండా చూసుకునేవాళ్ళం. ఆపాటి మర్యాదకు వాళ్ళు పొంగిపోయారు.

ఇచ్చిపుచ్చుకోవడం రెండువైపులా ఉండాలి. మా ఆయన కారు బ్యాటరీకి చిన్న ఇన్వర్టరు తగిలించి ఆ మెట్ల దగ్గర అందరి ఫోన్లకూ ఛార్జింగ్ పెట్టేవాడు. మీకు కరెంటు పని రాకపోతే కుట్టుపనో, సూది వేయడమో, బీపీ చూడడమో ఏదో ఒకటి వచ్చి ఉంటుంది. అది వీధిలో తెలిసి ఉండాలి. బదులుగా హాజ్జా పెద్దకొడుకు ఏ రోడ్డు మీద ఏ పక్షం ఉందో, ఏ బేకరీ తీసిందో వచ్చి చెప్పేవాడు. వీధి కుర్రాళ్ళే ఎమర్జెన్సీ రూములని పెట్టుకుని మందులు, నీళ్ళు పంచారు, కలిపి వంటలు చేశారు. ప్రభుత్వం అనేది కనబడని చోట ఆ పిల్లలే అన్నీ అయ్యారు. వాళ్ళు తలుపు తడితే ఇంట్లో ఎంతమంది ఉన్నారో, ఎవరికి ఏ జబ్బు ఉందో దాచకుండా చెప్పండి.

ఓమ్‌దుర్మాన్‌లో తరతరాలుగా స్థిరపడిన గుజరాతీ కుటుంబాలు ఉన్నాయి. వ్యాపారాలు చేసుకునేవాళ్ళు, అరబిక్ మాతృభాషలా మాట్లాడతారు. ఏ దేశంలోనైనా అలాంటి పాత భారతీయులు ఎవరో కనుక్కుని ఒక్కసారైనా వెళ్ళి పలకరించి రండి.

తిరుపతిలో ఉన్నవాళ్ళు చేయాల్సింది

ఈ భాగం అమ్మలకు, అత్తమ్మలకు, మరుదులకు.

ఒక్కరే ఫోన్ చేయాలి. మాకు మా మరిది. మేనత్తలు, పెదనాన్నలు, పాత క్లాస్‌మేట్లు అందరూ వరసబెట్టి ఫోన్ చేస్తే లోపల ఉన్నవాళ్ళ ఛార్జింగ్ హారతి కర్పూరం. డేటా లేకపోయినా ఎస్ఎంఎస్ ఒక్కోసారి పోతుంది. మేం పొద్దున ఒకటి, రాత్రి ఒకటి పంపేవాళ్ళం. “3 బాగు నీళ్ళు ఉన్నాయి” అంతే. సూడాన్ మనకంటే మూడున్నర గంటలు వెనుక. వాళ్ళ పొద్దున ఏడంటే మనకు పదిన్నర. ఇది తెలియక మా అత్తమ్మ పొద్దున ఏడింటికే ఫోన్ పట్టుకుని టెన్షన్ పడేది.

టీవీ కట్టేయండి. చూడాలనిపిస్తే రోజుకు ఒక్కసారి. అదే పేలుడు దృశ్యాన్ని పదిసార్లు తిప్పి చూపిస్తే పది పేలుళ్ళు అనుకుంటాం. లోపల ఉన్నవాళ్ళకు ఫోన్ దొరికినప్పుడు ఏడవకండి. ఎంబసీ ఏం ప్రకటించిందో, ఏ నంబరు ఇచ్చిందో చదివి వినిపించండి. వాళ్ళకు ఇంటర్నెట్ లేదు, మీకుంది.

ఒక తెల్లకాగితం మీద ఇవి రాసి సిద్ధంగా ఉంచండి: పేర్లు, వయసులు, పాస్‌పోర్ట్ నంబర్లు, అక్కడి అడ్రసు గుర్తులతో సహా, రెండు ఫోన్ నంబర్లు, ఎవరికైనా షుగరు, బీపీ, గర్భం ఉంటే ఆ సంగతి. దాన్నే విదేశాంగ శాఖ కంట్రోల్ రూముకు, మదద్ అనే ఫిర్యాదుల పోర్టల్‌లో, కలెక్టరాఫీసులో, ప్రవాసాంధ్రుల కోసం ఉన్న ఏపీఎన్ఆర్టీలో ఇవ్వండి. ప్రతిచోటా ఫిర్యాదు నంబరు అడిగి తీసుకోండి. ఊళ్ళో నాయకుల వెంట తిరగడం తర్వాత చూసుకోవచ్చు. ఆ అడ్రసు మాత్రం ఫేస్‌బుక్‌లో పెట్టకండి.

బంగారం, డబ్బు

బ్యాంకులు మూతపడతాయి. నగదు, అందులోనూ చిన్ననోట్లు, ఇంట్లో మూడుచోట్ల పెట్టండి. అన్నీ ఒకేచోట ఉంటే ఒక్క తనిఖీతో ఖాళీ. కొంచెం డబ్బు పైకి కనబడే పర్సులో ఉంచాలి, అడిగితే ఇచ్చేయడానికి. ఏమీ లేదంటే నమ్మరు, గుడ్డలు విప్పి వెతుకుతారు.

నగలు అసలు పట్టుకెళ్ళకపోవడమే మేలు. మరి తాళి? నేను తాళిబొట్లు లంగా నాడా మడతలో పెట్టి కుట్టేసి, పసుపు తాడుకు పసుపు కొమ్ము కట్టుకున్నాను. అత్తమ్మకు ఎలా చెప్పాలా అని తటపటాయించి ఫోన్లో చెప్పేశా. కాసేపు మాట్లాడలేదు. “పసుపు కొమ్ము తాళి కాదా ఏంది, నువ్వు భద్రంగా రామ్మా” అనింది. చెవులకు, కాళ్ళకు కూడా ఏమీ లేకుండా చూసుకోండి.

కదలాల్సిన రోజు

మొదట్లో ఎంబసీ కూడా ఇంట్లోంచి కదలొద్దనే చెప్పింది. అది సరైన మాటే. తొందరపడి సొంతంగా రోడ్డెక్కినవాళ్ళు మధ్యలో ఇరుక్కున్నారు. ఏప్రిల్ 24న మనవాళ్ళను వెనక్కి తెచ్చే ఆపరేషన్ కావేరి మొదలైంది. అదే రాత్రి నుంచి 72 గంటల కాల్పుల విరమణ అన్నారు. విరమణ అనగానే తలుపు తీయకండి. గంటసేపు వీధిని వినండి. గాడిద బండ్లు తిరుగుతున్నాయా, ఆడవాళ్ళు బయటికి వచ్చారా, బేకరీ తలుపు తీశారా? ఇవి కనబడితే అప్పుడు నమ్మొచ్చు.

మనిషికి ఒక్క సంచి, పరిగెత్తాల్సి వస్తే మోయగలిగినంత. ఖార్టూమ్ నుంచి ఓడ ఎక్కాల్సిన పోర్ట్ సూడాన్ దాదాపు 850 కిలోమీటర్లు, అంటే మన తిరుపతి నుంచి వైజాగ్ కంటే ఎక్కువ, చాలావరకు ఎడారి. సంచిలో కాగితాలు, నీళ్ళు, శెనక్కాయలు, మాత్రలు, పవర్ బ్యాంకు. ఆడవాళ్ళు ఒక పెద్ద దుప్పటి పెట్టుకోండి. దారిలో మరుగు ఉండదు, నలుగురు ఆడవాళ్ళు దుప్పటి పట్టుకుని చుట్టూ నిలబడితే అదే బాత్రూము. చెక్‌పోస్టు రాగానే బస్సు లోపలి లైటు వేయించండి, చేతులు కనబడేలా పెట్టుకోండి, మాట్లాడేది ఒక్కరే.

ఇల్లు వదిలేటప్పుడు మిగిలిన బియ్యం, పప్పు, కుంపటి హాజ్జాకు ఇచ్చేశాం. ఫ్రిజ్ ఖాళీ చేసి తలుపు తెరిచి పెట్టాం, తాళంచెవి ఆమె కొంగున కట్టుకుంది. ఖాళీ ఇల్లని తెలిస్తే ఎలాగూ ఉంచరు, ఎవరో ఒకరు వాడుకుంటే నయం.

పోర్ట్ సూడాన్‌లో నేవీ ఓడ, ఎర్రసముద్రం దాటి జెద్దా, అక్కడ ఇండియన్ స్కూల్లో పరుపులు, భోజనం, తర్వాత విమానం. మే 5న ఆపరేషన్ ముగిసేనాటికి 3,862 మందిని తెచ్చారు. ఢిల్లీలో దిగేవాళ్ళ పేర్లు ఇంటివాళ్ళు ఏపీ భవన్‌కి ముందే చెప్పి ఉంచితే తిరుపతి దాకా టికెట్ కోసం తిప్పలు తగ్గుతాయి.

వచ్చాక

మేం వచ్చేసరికి తిరుపతిలో గంగమ్మ జాతర రోజులు. డప్పులు, టపాకాయలు. మా అబ్బోడు మంచం కిందకి దూరేవాడు. చుట్టాలు “మగపిల్లోడు, ధైర్యంగా ఉండాలి” అని బయటికి లాగబోయారు, నేను ఒప్పుకోలేదు. పద్ధతి ఏమిటంటే, శబ్దం రాబోతోందని ముందే చెప్పాలి. “ఇప్పుడు సందు చివర టపాకాయ కాలుస్తారు, చెవులు మూసుకో, అయిపోయాక మనిద్దరం వేషాలు చూద్దాం.” చెప్పి మరీ వచ్చే శబ్దానికి భయం తక్కువ. కొన్ని నెలలు పట్టింది. తగ్గకపోతే పిల్లల డాక్టరుకు చూపించండి, తాయెత్తు దగ్గర ఆగిపోకండి.

టీసీ లేకపోతే చేర్చుకోం అంటారు స్కూల్లో. విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి లోపు పిల్లలకు టీసీ ఆలస్యమైందని ప్రభుత్వ, ఎయిడెడ్ స్కూళ్ళు చేరిక ఆపకూడదు. వినకపోతే ఎంఈఓకి అర్జీ రాసి, రసీదు తీసుకోండి.

ఆఖరుది జీతం బాకీ. మా ఆయన పనిచేసిన ఆఫీసు మంటల్లో పోయిందని తర్వాత తెలిసింది. రిజిస్టర్లు, కంప్యూటర్లు అన్నీ బూడిద. మా దగ్గర రుజువు ఉందంటే ఒకటే కారణం, జీతం స్లిప్పు వచ్చిన ప్రతిసారీ మా మరిదికి మెయిల్ చేసే అలవాటు. ఆ స్లిప్పులతో మదద్‌లో ఫిర్యాదు పెట్టాం, కొంత వచ్చింది, మిగతాదాని కోసం ఇంకా రాస్తూనే ఉన్నాం. మీవాళ్ళు ఇప్పటికే బయట ఉంటే ఈ రాత్రే ఫోన్ చేసి, ఇప్పటిదాకా వచ్చిన స్లిప్పులు, ఉద్యోగ ఒప్పందం మొదటి పేజీ, ఆఖరి పేజీ పంపమని చెప్పండి.